ప్రాసలో సాగే కథనానికి సంగీతం కట్టడం ఎలా?

షార్ట్ ఫిల్మ్‌కి ప్రాసలతో వాయిస్ ఓవర్ రాసుకున్నారు. చదివితే బాగుంది. వెనకాల బీజీఎం పెట్టగానే ఏదో తేడా కొట్టింది. మ్యూజిక్ తగ్గిస్తే చప్పగా ఉంది, పెంచితే మాట వినపడటం లేదు. చాలామంది ఇక్కడ ఆగి, ట్రాక్ మీద ట్రాక్ మార్చుకుంటూ రాత్రంతా గడిపేస్తారు. ట్రాక్ ఎన్నిసార్లు మార్చినా సమస్య పోదు, ఎందుకంటే అది ట్రాక్‌లో లేదు. ప్రాస ఉన్న కథనానికి సొంత లయ ఉంటుంది. దాని వెనక మరో లయ పెట్టినప్పుడు రెండూ ఒకే నడక నడవాలి, లేదంటే రెండోది పూర్తిగా తప్పుకోవాలి. మామూలు వచనం వెనక ఏ ట్రాక్ పెట్టినా ఎలాగో సర్దుకుంటుంది. పద్యం లాంటి మాట అలా సర్దుకోదు.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. నాలుగు నిమిషాల సినిమా. ఎండిపోయిన ఊరి చెరువు ఒక వానాకాలంలో నిండుతుంది, ఆఖర్లో అలుగు పారుతుంది. డైలాగులు లేవు, ఒక్క గొంతు కథ చెబుతుంది. పాదాలు నేను ఇక్కడికిక్కడ అల్లుతున్నాను. మీ స్క్రిప్టులో మీ పాదాలు పెట్టుకుని చూడండి.

1. ముందు మీ మాటల నడక పట్టుకోండి

సంగీతం గురించి ఆలోచించే ముందు కాగితం, పెన్ను తీసుకుని మాత్రలు లెక్కపెట్టండి. బడిలో నేర్చుకున్నదే. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. సున్నా ఉన్న అక్షరానికీ, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరానికీ రెండు. ఛందస్సు తెలిసి ఉండనక్కర లేదు. మాటలు ఎన్నేసి మాత్రల ముక్కలుగా విడిపోతున్నాయో తెలిస్తే చాలు.

"చెరువే నిండెను కట్టే మురిసెను
కరువే వీడెను కంకే మెరిసెను"

ఇందులో ప్రతి మాటా నాలుగు మాత్రలే. ఇది చతురస్ర గతి, మృదంగం భాషలో తకధిమి.

"నల్ల మబ్బు కదిలి వచ్చె
పల్లె గుండె కుదుట పడెను"

ఇక్కడ అన్నీ మూడేసి. త్రిస్రం, తకిట.

"వానలో తడిసింది వాడంత నేడు
చేనులో మొలిచింది చివురంత చూడు"

ఐదు, ఐదు, ఐదు, చివర మూడు. అచ్చంగా ద్విపద నడక. ఖండగతి, తకతకిట. చివరి ముక్కలో రెండు మాత్రలు తక్కువ పడ్డాయి చూశారా, ఆ ఖాళీని గుర్తు పెట్టుకోండి. తర్వాత మనకు చాలా పనికొస్తుంది.

"అలుగు పారే చెరువు చూడగ
తలపు పొంగే ఊరి వాడల"

మూడు, నాలుగు, మళ్లీ మూడు, నాలుగు. ఇది మిశ్రగతి, తకిట తకధిమి. గురజాడ ముత్యాల సరం నడిచేది ఈ గతిలోనే. అందుకే ఈ నడక తెలుగు చెవికి వెంటనే తగులుతుంది.

మీ కథనం ఇంత కచ్చితంగా ఉండకపోవచ్చు. ఫర్వాలేదు. గట్టిగా చదువుతూ తొడ మీద చేత్తో దరువు వేయండి. చెయ్యి తడబడిన చోట మాట సరిచేయాలి. "చెరువే నిండెను" అనాల్సిన చోట "చెరువు నిండిపోయెను" అని రాస్తే ఎనిమిది మాత్రల చోట పది వచ్చి కూర్చుంటాయి. కాగితం మీద కంటికి తేడా తెలియదు, దరువు మీద మాత్రం కాలు జారినట్టు ఉంటుంది. ఈ దిద్దుబాటు రికార్డింగ్‌కి ముందే చేస్తే ఒక్క మాటతో పోతుంది. సంగీతం అయ్యాక చేయాలంటే అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

అంత్యప్రాస కుదిరితే లయ కుదిరినట్టే అని చాలామంది అనుకుంటారు. మురిసెను, మెరిసెను అని చివర కలిసినంత మాత్రాన మధ్యలో నడక సరిగా ఉందని అర్థం కాదు. సంగీతం పట్టుకుని నడిచేది ఆ మధ్యనే.

2. సంగీతం కంటే ముందు గొంతు రికార్డు చేయండి

స్క్రాచ్ ట్రాక్, అంటే తాత్కాలిక రికార్డింగ్, ఫోన్‌లో చేసినా చాలు. క్లిక్ (చెవిలో దరువు చెప్పే టిక్ టిక్ శబ్దం) పెట్టుకోకుండా, చెప్పే మనిషి తనకు హాయిగా ఉన్న వేగంతో మొదటినుంచి చివరిదాకా చదవాలి. రెండు మూడు సార్లు చదివించి, వాటిలో మాట మాటలాగే వినిపించేదాన్ని ఎంచుకోండి. పాటలాగా సాగదీసినదాన్ని పక్కన పెట్టండి. ప్రాస ఉంది కదా అని చెప్పేవాళ్లు ప్రతి పాదం చివరా గొంతు ఒకేలా పైకి లేపుతారు. అలా చదివితే పదో పాదం దగ్గరికి వచ్చేసరికి వినేవాడు అర్థం వదిలేసి ఊపు మాత్రమే వింటాడు. వాక్యం ఎక్కడ ముగుస్తుందో అక్కడే గొంతు దించమని చెప్పండి, పాదం ఎక్కడ ముగిసినా సరే.

ఈ రికార్డింగ్‌లో మీరు చూడాల్సింది ఊపిరి. చెప్పే మనిషి ఎక్కడ సహజంగా ఊపిరి తీసుకుంటున్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. సంగీతానికి చోటు దొరికేది ఆ గీతల దగ్గరే.

తర్వాత ఫైనల్ వాయిస్ తీసేటప్పుడు క్లిక్ కావాలా వద్దా అన్నది వాద్యాన్ని బట్టి ఉంటుంది. డప్పు, మృదంగం, లూపులు ఉంటే ఒక చెవిలో చిన్నగా క్లిక్ పెట్టుకుని చెప్పాలి. ఒట్టి తంబుర శ్రుతి, వేణువు, వయొలిన్ లాంటివే అయితే క్లిక్ అక్కర లేదు. వాద్యకారుడే గొంతు వింటూ వాయిస్తాడు. నాకు ఈ రెండో పద్ధతే ఇష్టం. చెప్పే మనిషికి భావం వచ్చిన చోట కాస్త ఆగే స్వేచ్ఛ ఉంటుంది.

3. టెంపో లెక్క

స్క్రాచ్ ట్రాక్‌లో నాలుగు పాదాలు తీసుకోండి. దరువులు ఎన్ని పడ్డాయో, ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. దరువుల సంఖ్యను 60తో గుణించి సెకన్లతో భాగిస్తే బీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని దరువులో, వస్తుంది. చతురస్రంలో పాదానికి నాలుగు దరువులు, నాలుగు పాదాలకు 16. చదవడానికి 12 సెకన్లు పట్టిందంటే 80 బీపీఎం. ద్విపద రెండు పాదాలకు 8 దరువులు, 8 సెకన్లు పడితే 60.

ఇప్పుడు దాన్ని ఫ్రేములతో కలపండి. సెకనుకు 24 ఫ్రేముల్లో తీసిన సినిమాకి 80 బీపీఎం అంటే దరువుకి సరిగ్గా 18 ఫ్రేములు. 90 అయితే 16, 96 అయితే 15, 72 అయితే 20, 60 అయితే 24. సెకనుకు 25 ఫ్రేములైతే 75 బీపీఎంకి 20, 100కి 15. మీ లెక్కలో 79 వచ్చిందా, 80 చేసేయండి. చెవికి తేడా తెలియదు, ఎడిటింగ్‌లో మాత్రం ప్రతి దరువూ ఒక ఫ్రేము మీద సరిగ్గా కూర్చుంటుంది. ఫోన్‌తో షూట్ చేసినవాళ్లు మరో జాగ్రత్త తీసుకోవాలి. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచవు. టైమ్‌లైన్‌లో పెట్టే ముందే ఫుటేజీని స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోండి. లేకపోతే ఈ లెక్కంతా సినిమా చివరికి వచ్చేసరికి జారిపోతుంది.

కథ మధ్యలో గతి మారితే? మన సినిమాలో మబ్బు వచ్చినప్పుడు చతురస్రం నుంచి త్రిస్రానికి వెళ్లాలనుకుందాం. మాత్ర వేగం అలాగే ఉంచితే చెప్పే మనిషికి సులువు. అప్పుడు దరువులో నాలుగు మాత్రల బదులు మూడే ఉంటాయి కాబట్టి దరువు తొందరగా వస్తుంది. 80ని నాలుగుతో గుణించి మూడుతో భాగిస్తే దాదాపు 107. మాట వేగం మారలేదు, అయినా వెనక ఏదో కదిలింది అనిపిస్తుంది. వాన రాబోయే ముందు కావలసింది అదే.

4. రెడీమేడ్ లూపులతో వచ్చే అసలు తగాదా

ఇంటర్నెట్‌లో దొరికే లూపులు, ట్రాకుల్లో ఎక్కువ భాగం నాలుగు దరువుల లెక్కలో, ఒక్కో దరువు రెండుగానో నాలుగుగానో విడిపోయేలా ఉంటాయి. మీ కథనం చతురస్రమైతే అదృష్టం, ఏదో ఒకటి అతుకుతుంది. త్రిస్రమైతే ఆరు బై ఎనిమిది, పన్నెండు బై ఎనిమిది అని రాసి ఉన్న ట్రాకులు వెతకండి. ఖండగతి, మిశ్రగతి అయితే మాత్రం రెడీమేడ్ తాళం దొరకడం కష్టం. ద్విపద కింద నాలుగు లెక్క లూపు పెడితే మొదటి పాదం బాగానే ఉన్నట్టు ఉండి, రెండో పాదానికి మాట ఒక దారి, డ్రమ్ము ఒక దారి అవుతాయి. బీజీఎం సెట్ కావట్లేదు అన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉండేది ఇదే.

దీనికి మూడు దారులు. తాళం లేని సంగీతం వాడడం ఒకటి, తంబుర శ్రుతి మీద నెమ్మదైన స్వరాలు. సాఫ్ట్‌వేర్‌లో టైమ్ సిగ్నేచర్‌ను ఐదు బై ఎనిమిదికో ఏడు బై ఎనిమిదికో మార్చి, ఒక్కొక్క దెబ్బా మీరే పెట్టుకోవడం రెండోది. మూడోది నేను గట్టిగా చెప్పేది. మీ ఊళ్లో మృదంగమో, తబలానో, డప్పో వాయించే మనిషిని పిలవండి. స్క్రాచ్ ట్రాక్ వినిపించి "ఖండ నడక" అనండి, లేదా నోటితో తకతకిట అని చెప్పండి. మీరు రెండు రోజులు గ్రిడ్ మీద కష్టపడి పెట్టేదాన్ని ఆయన విన్న వెంటనే అందుకుంటారు. గొంతు ఊపిరి తీసుకునే చోట చెయ్యి ఆపడం కూడా ఆయనకు ఎవరూ చెప్పక్కర లేదు. ఆయన శ్రమకు తగ్గ డబ్బు ఇవ్వండి, టైటిల్స్‌లో పేరు వేయండి.

5. ప్రాస దగ్గర సంగీతం ఏం చేయాలి

అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే.

ప్రాస తనంతట తానే ఒక దెబ్బ. వినేవాడి చెవి దానికోసం ముందే ఎదురుచూస్తూ ఉంటుంది. "మురిసెను" విన్నాక "మెరిసెను" రాగానే లోపల చిన్న తృప్తి. అదే క్షణంలో తాళం గట్టిగా కొడితే రెండు దెబ్బలూ ఒకేచోట పడి మాట నలిగిపోతుంది. నాలుగు పాదాలు అలా నడిస్తే చంటిపిల్లల రైమ్‌లా తయారవుతుంది, కరువు గురించి చెప్పే కథైనా సరే.

తెలుగులో ఇంకో వెసులుబాటు ఉంది. మన సంప్రదాయ ప్రాస ఉండేది పాదం మొదట్లో, రెండో అక్షరంలో: చెరువే, కరువే. నల్ల, పల్లె. యతి పాదం మధ్యలో ఉంటుంది: వానలో అని మొదలైతే వాడంత దగ్గర మళ్లీ వా. అంత్యప్రాస చివర్న. అంటే చెవికి తగిలే చోట్లు మూడు ఉన్నాయి. మూడింటి దగ్గరా సంగీతం హడావిడి చేయకూడదు. నేను పాటించే పద్ధతి ఇది. పాదం మొదటి అక్షరం మీద మెత్తని దరువు ఒకటి, మీటిన తీగలాంటిది. యతి దగ్గర ఏమీ వద్దు, ఆ అక్షరమే అక్కడ పని చేసుకుంటుంది. అంత్యప్రాస మీదా ఏమీ వద్దు. ఆ మాట పూర్తిగా వినబడ్డాక, వెనకున్న ఖాళీలో సంగీతం జవాబు చెప్పాలి.

ద్విపదలో మిగిలిన రెండు మాత్రలు ఇందుకే. "చివురంత చూడు" అన్నాక 60 బీపీఎంలో దాదాపు 0.4 సెకన్ల ఖాళీ ఉంటుంది. వేణువు మీద రెండు స్వరాలు అక్కడ పట్టేస్తాయి. "వాడంత నేడు" తర్వాత కూడా అంతే ఖాళీ ఉంది, కానీ అక్కడ వదిలేయండి. జంటకు ఒక్కసారి జవాబు చాలు. అదీ ప్రతి జంటకూ అక్కర లేదు.

బుర్రకథ చూసినవాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. కథకుడు తంబుర మీటుతూ, వేళ్లకు తొడుక్కున్న అందెలు మోగిస్తూ పాదం చెబుతాడు. అది ముగిశాక వంతలు "తందాన తాన" అందుకుని గుమ్మెట వాయిస్తారు. కథకుడికి ఊపిరి, జనానికి విన్నది జీర్ణమయ్యే వ్యవధి, రెండూ ఆ వంతపాటలోనే దొరుకుతాయి. వచనంలోకి దిగినప్పుడు గుమ్మెటలు ఆగిపోతాయి. షేక్ నాజర్ లాంటి కళాకారులు వేలమంది జనాన్ని గంటల తరబడి కూర్చోబెట్టిన కళ ఇది. మాటకూ వాద్యానికీ మధ్య వంతులు ఎలా పంచుకోవాలో అందులో ఉన్నంత స్పష్టంగా ఏ సాఫ్ట్‌వేర్ పాఠంలోనూ ఉండదు. సంగీతం కట్టే ముందు ఒక బుర్రకథ రికార్డింగ్ మొత్తం వినండి. వాద్యం ఎక్కడ ఆగిందో మాత్రమే రాసుకుంటూ వినండి.

స్వరం విషయంలోనూ ఇదే జాగ్రత్త ఉండాలి. ప్రతి జంట చివరా స్వరం షడ్జమానికి (స) వచ్చి నిలబడితే కథ అక్కడికక్కడ ముగిసిపోతున్నట్టు ఉంటుంది. ఆలోచన ముగిసిన చోటే షడ్జమం ఇవ్వండి. మిగతా చోట్ల పంచమం (ప) దగ్గరో, గాంధారం (గ) దగ్గరో ఆపితే తర్వాతి పాదం కోసం చెవి ఎదురుచూస్తుంది. ఒక వాక్యం పాదం దాటి రెండో పాదంలోకి వెళ్లినప్పుడు స్వరం కూడా ఆగకుండా దాటాలి. పాదాన్ని చూసి ఆపారా, అర్థం రెండు ముక్కలవుతుంది.

ప్రాసాక్షరం ఏమిటన్నది కూడా చూడండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రాస "ట్ట", "క్క", "డ్డ" లాంటి గట్టి అక్షరమైతే డప్పు దెబ్బ దాన్ని మింగేస్తుంది. అక్కడ వేణువు, వయొలిన్ లాంటి దెబ్బ లేని వాద్యం మంచిది. ప్రాస "స", "శ", "చ" అయితే చిడతలు, గజ్జెలు, షేకర్లు వద్దు. ఆ గలగల, ఈ ఊదుడు ఒకే ఎత్తులో కలిసిపోయి చెవిలో గుచ్చుకుంటుంది. "ల్ల", "న", "మ" లాంటి మెత్తని ప్రాసకు చర్మవాద్యం ఎదురు నిలబడినా ఇబ్బంది లేదు. మన "నల్ల మబ్బు, పల్లె గుండె" పాదాలకు డప్పు బాగానే ఒప్పుతుంది.

6. గొంతుకు తగ్గ శ్రుతి

మామూలుగా మాట్లాడే గొంతుకు కూడా ఒక శ్రుతి ఉంటుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చెప్పే మనిషి పాదం చివర దించే స్వరం ఏదో చూడండి. తంబుర శ్రుతిని ఆ స్వరానికి గానీ, అది పంచమం అయ్యేలా గానీ పెడితే గొంతు సంగీతంలో ఇమిడిపోతుంది. అర స్వరం తేడాలో పెడితే మాత్రం చెప్పే మనిషి అపశ్రుతి పలుకుతున్నట్టు వినిపిస్తుంది, పాపం ఆయన మాట్లాడుతున్నది మాటలే అయినా.

మగ గొంతు సాధారణంగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య, ఆడ గొంతు 165 నుంచి 255 మధ్య పలుకుతుంది. అదే ఎత్తులో హార్మోనియం పట్టుకుని ఉంటే మాట బురదగా వినిపిస్తుంది. వాద్యాన్ని ఒక స్థాయి పైకి జరపండి, లేదా విడివిడి మీటులతో సరిపెట్టండి. ఒకటి రెండు వాద్యాలు చాలు. నాలుగు నిమిషాల సినిమాకి ఆర్కెస్ట్రా అక్కర లేదు.

రాగం ఎంపికలో నా సలహా చిన్నది. వాన అనగానే అమృతవర్షిణి గుర్తొస్తుంది. వాడితే తప్పు లేదు, కానీ మొదటి నిమిషంలోనే వాడేస్తే ఎండిన చెరువు మీద వాన కురిసిపోయినట్టే. ఎండు భాగంలో రెండు మూడు స్వరాలతో నడిపి, మబ్బు వచ్చాక రాగాన్ని విప్పండి.

7. క్యూ షీట్ రాయండి

ఎడిట్ దాదాపు ఖాయమయ్యాక ఒక కాగితం మీద నిమిషాలు, సెకన్లు వేసుకుని ఇలా రాసుకోండి.

0:00 నుంచి 0:14: పగిలిన చెరువు నేల. మాట లేదు. గాలి, దూరంగా తంబుర.
0:14 నుంచి 0:26: మొదటి నాలుగు పాదాలు, 80 బీపీఎం. పాదం మొదట్లో ఒక్కో మీటు.
0:26 నుంచి 0:40: ఖాళీ బిందెలు, మాట లేదు. వయొలిన్ ఒక్క స్వరం.
1:30: మబ్బు. త్రిస్రం మొదలు, డప్పు చిన్నగా.
2:50: అలుగు. సంగీతం, మాట రెండూ పూర్తిగా ఆపాలి.

ఇది రాసుకుంటే మాట ఎక్కువైందా అన్నదీ తేలిపోతుంది. నాలుగు నిమిషాల సినిమాలో గొంతు రెండు నిమిషాలు దాటకుండా చూడండి. 80 బీపీఎంలో పాదానికి 3 సెకన్లు, రెండు నిమిషాలంటే 40 పాదాలు. నిజానికి 24 పాదాలతో చెప్పలేని కథ అరుదు.

షాట్లు ప్రతి దరువు మీదా కోయకండి. సంగీతం, ప్రాస, కట్ మూడూ ఒకే ఫ్రేములో పడితే ప్రకటనలా ఉంటుంది. ప్రాస మాటకు ఒక దరువు ముందో వెనకో బొమ్మ మారితే కంటికి, చెవికి విడివిడిగా పని దొరుకుతుంది. వస్తువు పేరు మాటలో వచ్చేముందే బొమ్మ చూపించండి. "కంకే" అన్నాక కంకి చూపిస్తే బొమ్మ ఒట్టి రుజువులా మిగిలిపోతుంది.

8. బొమ్మలో ఉన్న శబ్దానికే లయ ఇవ్వండి

1936లో బ్రిటన్ తపాలా శాఖ వారి ఫిల్మ్ యూనిట్ రాత్రి తపాలా రైలు మీద తీసిన డాక్యుమెంటరీ నైట్ మెయిల్ చివరి భాగం కవిత్వంతో సాగుతుంది. డబ్ల్యూ. హెచ్. ఆడెన్ పద్యానికి బెంజమిన్ బ్రిటన్ సంగీతం. పద్యం నడక, వాద్యాల నడక రెండూ రైలు చక్రాల నడకే. ప్రాస కథనానికి సంగీతం కట్టాలనుకునే ప్రతివాళ్లూ దాన్ని ఒకసారి చూడాలి. లయను బయటనుంచి తేలేదు, బొమ్మలో ఉన్న యంత్రం దగ్గరే తీసుకున్నారు.

మన చెరువు సినిమాలో అలాంటివి బోలెడు. రేకు మీద వాన చినుకులు, కప్పల అరుపు, గడ్డపార దెబ్బ, తూము దగ్గర నీటి గలగల. షూటింగ్‌కి వెళ్లినప్పుడే ఒక్కోదాన్ని కనీసం ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోండి. గడ్డపార దెబ్బను 80 బీపీఎం దరువు మీద పెట్టి చూడండి, ఏ డ్రమ్ కిట్టూ దానికి సాటి రాదు. కప్పల అరుపును మాత్రం గ్రిడ్ మీదకు ఈడ్చకండి, అది దాని ఇష్టప్రకారం ఉంటేనే నమ్మబుద్ధి అవుతుంది.

అలుగు పారే ఘట్టంలో సంగీతం, మాట రెండూ ఆపేయమని క్యూ షీట్‌లో రాశాం. ఊరంతా ఏళ్లపాటు ఎదురుచూసిన శబ్దం అది. దాని మీద వయొలిన్లు వాయించడం అన్యాయం. కనీసం 10 సెకన్లు నీటి హోరు ఒక్కటే ఉండాలి. ఆ తర్వాత మిశ్రగతి పాదాలు, "అలుగు పారే చెరువు చూడగ", హోరు కొద్దిగా తగ్గించి దాని మీదే చెప్పించండి.

9. మిక్సింగ్

ఆడాసిటీ ఉచితం. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో శబ్దం సరిచేసుకోవడానికి ఫెయిర్‌లైట్ పేజీ ఉంది. రీపర్ 60 రోజులు ట్రయల్ ఇస్తుంది. వీటిలో ఏది చేతికి అలవాటైతే అది. ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టుకోండి.

మొదట గొంతు ఒక్కటే పెట్టి సరిచేయండి. తర్వాత సంగీతాన్ని గొంతుకంటే 12 డెసిబెల్స్ కిందనుంచి మొదలుపెట్టి చెవితో సర్దండి. సంగీతం ట్రాక్‌లో 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే హల్లులు స్పష్టంగా బయటికొస్తాయి. ప్రాస బతికేది హల్లులోనే కాబట్టి ఈ చిన్న కోత చాలా పని చేస్తుంది.

డకింగ్ (గొంతు రాగానే సంగీతం దానంతటదే తగ్గే ఏర్పాటు) వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. గొంతు ఆగగానే సంగీతాన్ని పైకి లేపేలా సెట్టింగ్ ఉంటే, ప్రతి పాదం చివరా అర సెకను ఖాళీలో సంగీతం ఉబికి వస్తుంది, మళ్లీ కిందికి పోతుంది. ప్రతి ప్రాస తర్వాతా ఒక కెరటం కొట్టినట్టు వింతగా ఉంటుంది. రిలీజ్ సమయాన్ని, అంటే సంగీతం మళ్లీ పైకి రావడానికి పట్టే సమయాన్ని, ఆ ఖాళీకంటే ఎక్కువ పెట్టండి, ఒక సెకను దాకా. ఇంకా మంచి పద్ధతి, డకింగ్ మానేసి, జంట జంటకూ వాల్యూమ్ గీతను చేత్తో గీయడం. నాలుగు నిమిషాల సినిమాకి ఇది పెద్ద పనేమీ కాదు.

యూట్యూబ్ ఆడియోను దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి తెలిసే గట్టితనాన్ని కొలిచే ప్రమాణం) సర్దుతుంది. అంతకంటే గట్టిగా ఇచ్చినా అది తగ్గించేస్తుంది, కాబట్టి గట్టితనం కోసం కంప్రెస్ చేసి మాటను చంపుకోకండి.

10. హక్కులు

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచనకూ స్వరకల్పనకూ కర్త మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా రక్షణ ఉంటుంది. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే ఆయన కవిత్వానికి 2043 చివరిదాకా. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన మాటలు అందరివీ. కానీ మాట పాతదైతే పాటంతా ఉచితం అనుకోకండి. అన్నమయ్య సాహిత్యం అయిదు వందల ఏళ్లనాటిది, మీరు విన్న బాణీ మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో కట్టినది కావచ్చు. ఆ రికార్డింగ్‌కు విడిగా 60 ఏళ్ల హక్కు ఉంటుంది, ప్రచురించిన నాటినుంచి.

క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్స్) ట్రాకుల్లో "ఎన్‌డీ", అంటే మార్పులు చేయకూడదు, అని ఉన్నవి సినిమాకి పనికిరావు. బొమ్మకు సంగీతాన్ని జత చేయడాన్నే ఆ లైసెన్సులు మార్పు కింద లెక్కిస్తాయి, ఒక్క సెకను కూడా కత్తిరించకపోయినా. "ఎన్‌సీ" (నాన్ కమర్షియల్) ఉంటే డబ్బు వచ్చే చోట వాడకూడదు. లైసెన్స్ పేజీని డౌన్‌లోడ్ చేసిన రోజే స్క్రీన్‌షాట్ తీసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో పడేయండి. మృదంగం వాయించిన మనిషితో కూడా నాలుగు లైన్ల కాగితం రాసుకుని సంతకాలు చేసుకోండి. తర్వాత సినిమా ఏదైనా ఫెస్టివల్‌కి వెళ్తే అడిగే మొదటి కాగితాల్లో అదొకటి.

11. వినిపించి చూడండి

స్క్రిప్ట్ చదవని ఒకరిని కూర్చోబెట్టి, బొమ్మ చూపించకుండా ఆడియో ఒక్కటే ఫోన్ స్పీకర్‌లో వినిపించండి. హెడ్‌ఫోన్స్ వద్దు. విన్న తర్వాత గుర్తున్న పాదాలు చెప్పమనండి. ప్రాస మాటలు మాత్రమే గుర్తుండి కథ చెప్పలేకపోతే, చెప్పిన తీరులో ఊపు ఎక్కువైంది, గొంతు మళ్లీ తీయాలి. కథ చెప్పగలిగి ఒక పాదం కూడా గుర్తు లేకపోతే సంగీతం ప్రాసల మీద పడుతోంది, అంత్యప్రాసల దగ్గర దెబ్బలు తీసేయండి. ఫలానా మాట వినపడలేదని చెబితే ఆ మాట దగ్గరికి వెళ్లి, ముందు వాల్యూమ్ ముట్టుకోకుండా, అక్కడ ఏ వాద్యం ఉందో చూసి దాన్ని ఒక దరువు వెనక్కి జరపండి. సగం సార్లు అంతటితోనే సరిపోతుంది. మిగతా సగానికి ఆ వాద్యాన్ని అక్కడ తీసేసి, మళ్లీ ఇంకొకరికి వినిపించండి.